కొత్త రూపంలో వచ్చిన కాంపాక్ట్ ఎస్‌యూవీ: కొనేముందు డ్రైవర్లను ఏమడగాలి, ఎలా అడగాలి

పాత పేరుతోనే కొత్త రూపంలో ఒక కాంపాక్ట్ ఎస్‌యూవీ షోరూములోకి వచ్చిన మొదటి రెండు మూడు నెలల్లో దాని గురించి అభిప్రాయాలకు కొదవ ఉండదు, వాటిలో మనకు పనికొచ్చేవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. "బండి సూపర్", "పికప్ లేదు", "మైలేజీ రాదు", "ఆ కంపెనీదైతే కళ్ళు మూసుకొని తీసుకోవచ్చు" వంటి మాటలు అనంతపురంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా పది నిమిషాల్లో డజను వినపడతాయి. ఆ మాటలు అబద్ధాలని నేను అనను. ప్రతి మాట వెనకా ఒక రోడ్డు, ఒక బరువు, ఒక నడిపే తీరు ఉంటాయి. అవి మన రోడ్డు, మన బరువు, మన తీరు కాకపోతే ఆ మాట ఎంత నిజమైనా మనకు అక్కరకు రాదు. అందుకే డ్రైవరును "బండి ఎలా ఉంది" అని అడగడం మానేసి, "ఆ బండితో మీకు ఏం జరిగింది" అని అడగమని నా సలహా. ఆ అడగడం ఎలాగో కింద వివరిస్తాను.

ఈ సంగతి నాకు డబ్బు పెట్టాకే తెలిసింది. కొన్నేళ్ళ కిందట చిన్న టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే ఏర్పాటు) పెట్రోలు బండి ఒకటి, రోజూ ఒంటరిగా అనంతపురం నుంచి గుత్తికి ఆఫీసుకు వెళ్ళివచ్చే మిత్రుడి మాట మీద కొన్నాను. ఆయన చెప్పింది ఆయన వరకు అక్షరాలా నిజం. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒక్క మనిషితో ఆ బండి పరుగు చూడముచ్చటగా ఉంటుంది. ఆ ఏడే మేము ఐదుగురం ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టుకొని, ఏసీ వేసుకొని కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుంటే, మలుపులో వేగం తగ్గించిన ప్రతిసారీ మళ్ళీ ఊపు అందుకోవడానికి మొదటి గేరు దాకా దిగవలసి వచ్చింది. వెనక లారీ హారను మోగిస్తూనే ఉంది. ఘాటు దాటి గువ్వలచెరువులో పాలకోవా కొనుక్కొని చెట్టు కింద కూర్చున్నప్పుడు, నేను ఆ మిత్రుణ్ణి ఎంతమంది ఎక్కుతారో, ఏ రోడ్డున పోతారో ఒక్కసారి కూడా అడగలేదని గుర్తుకొచ్చింది.

మారినది ఏది, మారనిది ఏది

డ్రైవర్ల దగ్గరికి పోకముందే చేయవలసిన పని ఒకటుంది. కొత్త రూపం అన్న మాటకు కంపెనీల దగ్గర చాలా అర్థాలున్నాయి. కొన్నిసార్లు ముందు గ్రిల్లు, దీపాలు, బంపర్లు, లోపలి డాష్‌బోర్డు మాత్రమే మారి, కింద ఉన్న చట్రమూ ఇంజనూ పాతవే ఉంటాయి. దీన్ని ఫేస్‌లిఫ్ట్ అంటున్నాము. కొన్నిసార్లు బండి మొత్తం కొత్త తరానిదై ఉంటుంది. ఇంకొన్నిసార్లు బయటికి పెద్ద తేడా కనపడకుండా లోపల ఇంజనే మారిపోతుంది, అసలు చిక్కంతా ఇక్కడే వస్తుంది. మారుతి బ్రెజ్జా 2016లో వచ్చినప్పుడు అందులో 1,248 సీసీ డీజిలు ఇంజను ఒక్కటే ఉండేది. 2020లో డీజిలు పోయి 1,462 సీసీ పెట్రోలు వచ్చింది. 2022లో రూపం మారి, ఆటోమేటిక్‌లో నాలుగు గేర్లు ఆరయ్యాయి. అంటే 2017 నాటి బ్రెజ్జా యజమాని ఎంత అనుభవజ్ఞుడైనా, మైలేజీ గురించీ లాగుడు గురించీ ఆయన చెప్పే మాట ఈనాటి బండికి వర్తించదు. కియా సెల్టోస్ సంగతి కూడా అంతే: 2019లో వచ్చిన 1,353 సీసీ టర్బో స్థానంలో 2023లో 1,482 సీసీ టర్బో వచ్చింది. మహీంద్రా ఎక్స్‌యూవీ 300 అయితే 2024 ఏప్రిల్‌లో పేరే మార్చుకొని 3ఎక్స్‌ఓగా వచ్చింది, పెట్రోలు బండ్లలో ఏఎంటీ (మాన్యువల్ గేరుబాక్సుకే క్లచ్‌నూ గేర్లనూ తనంతట తాను మార్చే యంత్రం తగిలించినది) పోయి టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు నూనె ద్వారా ఇంజను శక్తిని అందించే ఆటోమేటిక్) గేరుబాక్సు చేరింది. దీనికి భిన్నంగా 2023 సెప్టెంబరులో వచ్చిన టాటా నెక్సాన్‌లో రూపమూ డాష్‌బోర్డూ బాగా మారాయి, ఇంజన్లు మాత్రం పాతవే. కాబట్టి ఇంజను గురించి పాత యజమాని మాట అక్కడ చెల్లుతుంది.

కాబట్టి ఒక తెల్లకాగితం నిలువుగా మడిచి, ఎడమ వైపు మారనివి, కుడి వైపు మారినవి రాసుకోండి. షోరూములో ఇచ్చే బ్రోచరూ, పాత బండి బ్రోచరూ పక్కపక్కన పెట్టుకుంటే ఇంజను సీసీ, గేరుబాక్సు రకం, టైరు సైజు, పొడవు, వెడల్పు, ఎత్తు, చక్రాల మధ్య దూరం అరగంటలో తేలిపోతాయి. ఎడమ వైపు ఉన్నవాటి గురించి యాభై వేల కిలోమీటర్లు దాటిన పాత బండి డ్రైవర్లను అడగాలి, ఎందుకంటే మన్నిక అన్నది వాళ్ళకే తెలుసు. కుడి వైపువాటి గురించి కొత్త బండిని కనీసం ఐదు వేల కిలోమీటర్లు నడిపినవాళ్ళను మాత్రమే అడగాలి. పాతవాళ్ళను కొత్త తెరల గురించి, కొత్తవాళ్ళను మన్నిక గురించి అడిగితే ఇద్దరూ మర్యాదకు ఏదో ఒకటి చెప్తారు.

కొలతల విషయంలో ఒక మాట. నాలుగు మీటర్ల లోపు పొడవుతో, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటని ఇంజనున్న కార్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం. ఆ హద్దు దాటితే 40 శాతం. ఇటువంటి నాలుగు మీటర్ల హద్దు అంతకుముందు పన్నుల్లోనూ ఉండేది. అందువల్లే హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్, నెక్సాన్, బ్రెజ్జా అన్నీ పొడవులో 3,995 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. అయితే డీజిలు పోయి పెట్రోలు వచ్చాక బ్రెజ్జా ఇంజను 1,200 సీసీ దాటడం వల్ల ఇప్పుడు దానికి తక్కువ పన్ను లాభం దక్కదు. కొత్త రూపంలో లోపల చోటు పెరిగిందని ఎవరైనా అంటే, ఆ చోటు పొడవులో రాలేదని, వెడల్పులోనో ఎత్తులోనో చక్రాల మధ్య దూరంలోనో వచ్చి ఉండాలని గ్రహించాలి. 2025 నవంబరులో వచ్చిన కొత్త తరం వెన్యూ పొడవు అదే 3,995. వెడల్పు 30, ఎత్తు 48, చక్రాల మధ్య దూరం 20 మిల్లీమీటర్లు పెరిగాయి. ఎత్తు పెరిగిన బండి గురించి డ్రైవరును అడగవలసిన ప్రశ్న ఇక్కడే పుడుతుంది: వంపులో వెనక కూర్చున్నవాళ్ళు ఒకరి మీదికొకరు ఒరుగుతున్నారా?

ఎవరిని, ఎక్కడ పట్టుకోవాలి

కొత్త బండి కొన్న యజమాని మొదటి మూడు నెలల్లో ఆ బండికి న్యాయవాది. పన్నెండో పదిహేనో లక్షలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్న బండిలో లోపం ఉందని ఏ మనిషీ తొందరగా ఒప్పుకోడు. అందులో తప్పేమీ లేదు. అందుకే ఆయన కంటే ముందు, బండి మీద తన సొమ్ము పెట్టని మనిషిని పట్టుకోవాలి.

నా అనుభవంలో అందరికంటే విలువైన సాక్షి యాక్టింగ్ డ్రైవరు. ఈ రోజు ఒకరి బండి, రేపు మరొకరి బండి నడిపే ఈ మనిషికి నాలుగు కంపెనీల క్లచ్‌లూ బ్రేకులూ కాలికి తెలుసు. పోల్చి చెప్పగలిగేది ఆయనే. అనంతపురం నుంచి బెంగళూరు దేవనహళ్ళి విమానాశ్రయానికి రాత్రి పూట మనుషులను దింపి తెల్లవారుజామున తిరిగివచ్చే డ్రైవరు ఒకరిని నేను బండి ఎట్లుందని అడిగితే, టీ గ్లాసు పక్కన పెట్టి, "అన్నా, ఎట్లుందంటే నేనేం చెప్పేది? యాడికి పోతావు, ఎంతమంది పోతారు, అది చెప్పు ముందు" అని ఎదురు ప్రశ్న వేశాడు. అటువంటి మనిషి దొరికితే వదలకండి. తర్వాత ఆయన చెప్పినదాంట్లో ఒక్క వాక్యం నా కాగితంలో ఇప్పటికీ ఉంది: ఆ బండిలో రాత్రి రెండు గంటలకు నిద్ర రాదట, సీటు నడుము దగ్గర గట్టిగా ఉండి ఒత్తుతూ ఉంటుందట. దాన్ని మెచ్చుకోలుగా తీసుకోవాలో ఫిర్యాదుగా తీసుకోవాలో నాకు ఇంకా తేలలేదు.

రెండో సాక్షి బాడుగ బండి డ్రైవరు. పుట్టపర్తికీ లేపాక్షికీ అహోబిలానికీ నిండు బరువుతో తిప్పుతాడు కాబట్టి ఆయన లెక్కలు కచ్చితంగా ఉంటాయి, డీజిలు ఎన్ని లీటర్లు పోశాడో నోటి మీద ఉంటుంది. అయితే కొత్త రూపంలో వచ్చిన ఖరీదైన రకాలు ఎల్లో బోర్డు మీద మొదటి ఏడాదిలో తక్కువగా కనపడతాయి. ఆయన మాట ఎడమ వైపు పట్టీకే ఎక్కువ పనికొస్తుంది.

ఇక నడపనివాళ్ళే అయినా బండి గుట్టు తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు అలైన్‌మెంటు షాపులో పనిచేసే కుర్రవాడు: ఏ బండి టైర్లు లోపలి అంచున ముందుగా అరుగుతున్నాయో, పెద్ద చక్రాల రకాలకు రిమ్ము ఎంత తరచుగా సొట్ట పడుతోందో అతను రోజూ చూస్తాడు. మరొకరు వాటర్ సర్వీసింగు దగ్గర బండిని ర్యాంపు మీదికెక్కించి కడిగేవాడు. నేను ఒకసారి అతని పక్కన నిలబడి తల వంచి చూశాను. కొత్త బండే, నెలల వయసుదే. ముందు బంపరు కింది పెదవి మీద తెల్లటి గీతలు, ఇంజను కింద కవరు మీద ఒకే చోట పదే పదే ఒరుసుకున్న మచ్చ ఉన్నాయి. "ఇది మధ్యలో తగల్దు సార్, మూతి తగుల్తుంది" అన్నాడు. నేల నుంచి ఎత్తు ఎంతో బ్రోచరు చెప్తుంది, మూతి ముందుకు ఎంత సాగి ఉందో చెప్పదు; మన పల్లెల్లో ఎవరికి వారు పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఆ రెండోదే లెక్కలోకి వస్తుంది.

యజమానులను కలవాలంటే సర్వీసు సెంటరుకు ఉదయం తొమ్మిది ప్రాంతంలో వెళ్ళండి. బండి అప్పగించడానికి వచ్చిన మనిషి సర్వీసు అడ్వయిజరుకు చెప్పే ఫిర్యాదు, మనకు చెప్పే పొగడ్త కంటే నిజమైనది. అక్కడ నిలబడి వినడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

మా జిల్లాలో ఒక ప్రత్యేకమైన మొగ్గు కూడా ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం వచ్చి, 2019లో అక్కడి నుంచి సెల్టోస్ బయటికి వచ్చినప్పటి నుంచి ఆ పేరు మాకు ఇంటి పేరు వంటిదైంది. 2022లో పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళినా ఆ అభిమానం జిల్లా దాటలేదు. బంధువుల్లో ఎవరో ఒకరు అక్కడో, దాని చుట్టుపక్కల విడిభాగాల కంపెనీల్లోనో పనిచేస్తూ ఉంటారు. అభిమానమైనా, పని దగ్గర వచ్చిన చిరాకైనా బండి నడిపిన అనుభవం కిందికి రాదు కాబట్టి, అడిగేటప్పుడు మొదట "మీవాళ్ళు ఎవరైనా అక్కడ ఉన్నారా" అని తెలుసుకోవడం మంచిది.

మైలేజీ మాట

ఎక్కువ తగువు వచ్చేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కంపెనీ ప్రకటించే మైలేజీ ప్రయోగశాలలో, రోలర్ల మీద, నిర్ణీతమైన వేగాల వరుసలో, ఏసీ ఆపి తీసిన లెక్క. అందులో అత్యధిక వేగం గంటకు 90 కిలోమీటర్లే. డ్రైవరు చెప్పేది చాలాసార్లు డాష్‌బోర్డు మీది అంకె. ఈ రెండూ మన జేబుకు సంబంధించినవి కావు. ట్యాంక్ టు ట్యాంక్ లెక్క చూసినవాళ్ళ మాటే లెక్కలోకి తీసుకోండి: ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, నాజిల్ తనంతట తాను ఆగేదాకా పోయించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, కనీసం మూడు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ అక్కడే అలాగే పోయించాలి. నేను అనంతపురం నుంచి బెంగళూరు వెళ్ళివచ్చి చూసుకున్నప్పుడు 412 కిలోమీటర్లకు 27.5 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు 15కు ఒక వెంట్రుకవాసి తక్కువ. డాష్‌బోర్డు మీద మాత్రం 16.4 అని చల్లగా చూపించింది.

మైలేజీ చెప్పిన ప్రతి డ్రైవరునూ మూడు అనుబంధ ప్రశ్నలు అడగాలి: ఎంత వేగంతో, ఎంతమందితో, ఊళ్ళోనా రహదారి మీదా. గంటకు 80తో పోయే మనిషికీ 110తో పోయే మనిషికీ ఒకే బండి రెండు బండ్లలా కనపడుతుంది, ఎందుకంటే ఎత్తైన బండికి గాలి అడ్డు వేగంతో పాటు విపరీతంగా పెరుగుతుంది. పెట్రోలు బండి అయితే ఇథనాలు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది, ఇథనాలులో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి ఐదేళ్ళ కిందటి పెట్రోలుతో "నాకు పద్దెనిమిది వచ్చేది" అన్న పాత యజమాని మాటనూ, ఈనాడు "పదహారే వస్తోంది" అన్న కొత్త యజమాని మాటనూ పక్కపక్కన పెట్టి కొత్త బండిని తిట్టడం సరికాదు.

అసలు మైలేజీకి మనం ఇచ్చే ప్రాధాన్యం కొంచెం ఎక్కువేనని నా అభిప్రాయం. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే మనిషికి లీటరుకు 15కూ 17కూ మధ్య తేడా పన్నెండు లీటర్ల లోపే. లీటరు 110 రూపాయల లెక్కన వేసుకుంటే నెలకు దాదాపు 1,300. ఆ తేడా కోసం లక్షన్నర ఎక్కువ పెట్టి డీజిలు రకం కొనేవాళ్ళు ఆ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి. డీజిలు కొన్నవాళ్ళను తప్పకుండా అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నియమాలు వచ్చినప్పటి నుంచి ఈ డీజిలు బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటోంది. అది శుభ్రపడాలంటే ఇంజను బాగా వేడెక్కి కొంతసేపు నిలకడగా పరుగెత్తాలి. రోజూ ఇంటి నుంచి మార్కెట్టుకు రెండు కిలోమీటర్లు పోయి ఆపేసే మనిషికి డాష్‌బోర్డు మీద దాని హెచ్చరిక దీపం వెలుగుతుంది, వారానికొకసారి కర్నూలు దాకా పోయివచ్చే మనిషికి అటువంటి జల్లెడ ఒకటి ఉందన్న సంగతే తెలియదు. "ఆ దీపం ఎప్పుడైనా వెలిగిందా, వెలిగితే ఏం చేశారు" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు పది "సూపర్"ల పెట్టు.

ఎండ, దుమ్ము, బరువు

సీమలో బండికి అసలు పరీక్ష పెట్టేది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, నీడ లేని చోట రెండు గంటలు నిలిపిన బండిలోకి ఎక్కాక వెనక సీటు చల్లబడడానికి ఎంతసేపు పట్టిందో అడగండి. చలికాలంలో కొన్నవాళ్ళకు దీని జవాబు తెలియదు, కాబట్టి డిసెంబరులో దొరికిన అభిప్రాయాల్లో ఏసీ గురించిన భాగం కొట్టేయవచ్చు. పై రకాల్లో ఇచ్చే పెద్ద సన్‌రూఫ్ గురించి పిల్లలను అడిగితే ఒక జవాబు, దాని కింద కూర్చొని మధ్యాహ్నం తాడిపత్రి పోయినవాళ్ళను అడిగితే మరొక జవాబు వస్తుంది. గాలి వచ్చే సీట్ల గురించి మాత్రం నేను అడిగినవాళ్ళలో ఒక్కరూ చెడ్డమాట అనలేదు.

కొత్త రూపాల్లో ఏసీ బటన్లు తీసేసి నున్నటి టచ్ ప్యానెలు పెట్టడం మామూలైపోయింది. షోరూములో ముచ్చటగా ఉంటుంది. గతుకుల్లో పోతూ రోడ్డు మీది నుంచి కన్ను తిప్పకుండా ఫ్యాను తగ్గించగలుగుతున్నారా అని అడగండి.

గేరుబాక్సు గురించి అడిగేటప్పుడు ఆటోమేటిక్ అన్న ఒక్క మాటతో ఆగకూడదు. ఏఎంటీలో గేరు మారినప్పుడు తల ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఘాటులో ఎక్కుతూ ఆగి మళ్ళీ కదలేటప్పుడు వెనక్కు జారుతుందేమో అడగాలి. డీసీటీ (రెండు క్లచ్‌లున్న ఆటోమేటిక్) చాలా చురుకైనది, కానీ పొడి క్లచ్‌లున్న రకమైతే నత్తనడక ట్రాఫిక్‌లో వేడెక్కే గుణం ఉంటుంది. తిరునాళ్ళ రోజుల్లో గంటసేపు అంగుళం అంగుళం కదిలిన మనిషి దొరికితే హెచ్చరిక ఏదైనా వచ్చిందా అని అడగండి. టార్క్ కన్వర్టర్ నిదానం, నమ్మకం. చిన్న టర్బో ఇంజన్లన్నింటికీ ఒకే ప్రశ్న: ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరులో ముల్లు రెండు వేల దగ్గరికి చేరకముందు, నిండు బరువుతో, ఎత్తు మీద, ఏసీతో బండి ఏం చేసింది? గువ్వలచెరువు గానీ, నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల దారి గానీ ఎక్కినవాళ్ళనే ఇది అడగాలి. అనంతపురం–గుత్తి మధ్య తిరిగే మిత్రుణ్ణి అడిగితే ఏమవుతుందో పైన చెప్పాను.

సస్పెన్షను విషయంలో టైరు సైజు కలిపి అడగడం మరిచిపోవద్దు. ఒకే బండిలో కింది రకానికి చిన్న చక్రం, లావు టైరు, పై రకానికి పెద్ద చక్రం, పలుచని టైరు వస్తాయి. పెద్ద చక్రం ఫొటోలో బాగుంటుంది. కంకర తేలిన దారిలో నడుముకు తెలుస్తుంది. "సస్పెన్షను గట్టి" అన్న డ్రైవరును ఏ రకం, టైర్లలో గాలి ఎంత పెట్టించారు అని అడిగితే, షోరూము నుంచి వచ్చినప్పుడు ఉన్న ఎక్కువ గాలితోనే నెలలుగా తిరుగుతున్నారని సగం సందర్భాల్లో బయటపడుతుంది. దుమ్ము గురించి ఒక్క ప్రశ్న చాలు: ఎర్రమట్టి దారిలో పోయివచ్చాక డిక్కీ తలుపు తీస్తే లోపలి రబ్బరు అంచు మీద మట్టి ఉందా, లేదా?

అడాస్ పేరుతో వచ్చే హెచ్చరికలూ తనంతట తాను బ్రేకు వేసే ఏర్పాటూ గురించి అభిప్రాయాలు రెండు కొసలకు పోతాయి. రాంగు రూట్లో ఎదురొచ్చే ట్రాక్టరు, రోడ్డు దాటే గొర్రెల మంద, గీతలు చెరిగిపోయిన దారి ఉన్నచోట అది ఎన్నిసార్లు ఉత్తుత్తి కేక వేసింది, వాళ్ళు దాన్ని ఆపేసి నడుపుతున్నారా అన్నదే తెలుసుకోవాలి. ఆపేసి నడుపుతున్నామన్నవాళ్ళు ఎక్కువైతే దానికి పెట్టే డబ్బు గురించి ఆలోచించండి. హెడ్‌లైట్లను రాత్రి నడిపినవాళ్ళనే అడగాలి. టెస్ట్ డ్రైవు పగలే ఇస్తారు.

భద్రత విషయంలో మాత్రం డ్రైవర్లను అడగకండి. తలుపు వేస్తే "ధబ్" మని బరువుగా వినిపించినంత మాత్రాన బండి గట్టిదని రుజువు కాదు. 2023 అక్టోబరు 1 నుంచి మన దేశంలోనే బండిని ఢీకొట్టించి చూసి నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలున్నాయి. పాత రూపానికి వచ్చిన నక్షత్రాలు కొత్త తరం బండికి వాటంతటవే రావు కాబట్టి, రేటింగు ఏ సంవత్సరం బండికి వచ్చిందో చూసుకోండి.

ఫిర్యాదును జల్లెడ పట్టడం

విన్న ప్రతి ఫిర్యాదు పక్కనా అది బండిదా, సర్వీసుదా, నడిపేవాడిదా అని రాసుకోవాలి. విడిభాగం కోసం ఇరవై రోజులు తిప్పుకున్నారన్నది సర్వీసు లోపం. అది చిన్నదేమీ కాదు, కానీ మీ ఊళ్ళో వేరే సర్వీసు సెంటరు ఉంటే బండిని తప్పుపట్టనక్కర లేదు. ఏడు వేల కిలోమీటర్లకే క్లచ్ పోయిందన్న మనిషి క్లచ్ మీద కాలు పెట్టుకొనే నడుపుతాడేమో ఒకసారి పక్కన కూర్చొని చూడండి. తెర ఆగిపోవడం, ఫోను కలవకపోవడం వంటివి కొత్తగా వచ్చిన బండ్లలో మొదటి నెలల్లో సహజం, సాఫ్ట్‌వేరు మార్చాక తరచుగా సర్దుకుంటాయి. అందుకే "ఇప్పటికీ ఉందా" అన్న ప్రశ్న అడగకుండా వాటిని కాగితానికెక్కించకండి. ఒకరినొకరు ఎరగని ముగ్గురు ఒకే మాట చెప్తే, అది బండిదే.

వెనక సీటు అభిప్రాయం ఎవరూ అడగరు. చీర కట్టుకొని ఎక్కి దిగే పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, వంపుల్లో వాంతి చేసుకొనే పిల్లలు ఉన్న ఇంట్లో ఆ అభిప్రాయమే చివరికి గెలుస్తుంది.

ఇంత సేకరించాక టెస్ట్ డ్రైవు. సప్తగిరి సర్కిల్ చుట్టూ ఒకసారి తిప్పి తెచ్చే పది నిమిషాల ప్రయాణంతో సరిపెట్టుకోవద్దు. ఇంట్లో నలుగురినీ ఎక్కించుకొని, బైపాసు మీదికీ, తర్వాత ఏదైనా పల్లె దారిలోకీ తీసుకెళ్ళనివ్వమని ముందే ఫోనులో మాట్లాడుకోండి. కాగితంలో ముగ్గురు చెప్పిన మాట ఏదో అదే అక్కడ పరీక్షించండి, మిగతాది వదిలేయండి. షోరూములో టెస్ట్ డ్రైవుకు పెట్టేది సాధారణంగా పై రకమే కాబట్టి, మీరు కొనబోయే రకానికి చక్రం ఏదో, గేరుబాక్సు ఏదో మళ్ళీ అడిగి తెలుసుకోండి.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే మా బావమరిది నిరుడు ఈ పద్ధతిలోనే బండి తీసుకున్నాడు. ఏ బండి అన్నది ఇక్కడ అప్రస్తుతం. వారానికొకసారి చీరల మూటలతో బెంగళూరు వెళ్ళివచ్చే మనిషి కాబట్టి అతని కాగితంలో మొదటి ప్రశ్న డిక్కీ గడప ఎత్తు. మూట ఎత్తి లోపల పెట్టేటప్పుడు గడపకు రాసుకుంటే పైగుడ్డ చిరుగుతుంది. టెస్ట్ డ్రైవుకు రెండు మూటలు వెంట తీసుకెళ్ళి షోరూమువాళ్ళ ఎదుటే ఎక్కించి దించాడు. సేల్స్ కుర్రవాడు మొదట నవ్వి, తర్వాత తానూ ఒక చెయ్యి వేశాడు. యాక్టింగ్ డ్రైవరు, అలైన్‌మెంటు కుర్రవాడు, సర్వీసు సెంటరులో కలిసిన ఒక యజమాని ముగ్గురూ పెద్ద చక్రాల మాట ఎత్తడంతో, పై రకం వదిలేసి మధ్య రకం, చిన్న చక్రాలు, మాన్యువల్ గేర్లున్నది రాయించుకున్నాడు. బండి ఇంటికి వచ్చిన రోజున మా అత్తగారు వెనక తలుపు పట్టుకొని ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు ఎత్తలేక, "ఇంత ఎత్తుందేమిరా ఇది" అని దిగిపోయారు. ఆమెను టెస్ట్ డ్రైవుకు తీసుకెళ్ళమని నేను చెప్పాను, ఆ రోజు ఆమెకు ఉపవాసం. మరుసటి వారం ఫుట్‌స్టెప్పు వేయించారు. ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ల దగ్గర అది తగులుతోందా లేదా అన్నది కుడి వైపు పట్టీలో కొత్తగా చేరిన ప్రశ్న.